జోగులలోయ రాబందులు

పెళ్లికి మామగారు వాచీ పెడతానంటే జాహిద్ వద్దన్నాడు. బైనాక్యులర్స్ ఇప్పించమన్నాడు.

1990లో, విజయవాడ పంజా సెంటర్‌లో, అలాంటి కోరిక కోరిన పెళ్లికొడుకు ఇంకొకడు లేడు. మామగారు తల గోక్కుని, మద్రాసు వెళ్లే లారీ డ్రైవరు ఒకతనికి చెప్పి, నల్లగా బరువుగా ఉన్న ఒక జత తెప్పించాడు. నిఖా అయిన మర్నాడు ఇంటినిండా ఉన్న చుట్టాలు దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని, ఎదురు డాబా మీద ఆరేసిన చీరల్ని, వాటి వెనక కొండని చూసి సంబరపడ్డారు. పెళ్లికూతురు అన్వరీకి మాత్రం తల కొట్టేసినట్టయింది.

"మీకు పిట్టలంటే ఇష్టమాండీ?" అని అడిగింది, ఇద్దరే ఉన్నప్పుడు.

"పిట్టలు కాదు. రాబందులు," అన్నాడు జాహిద్.

అడగకుండా ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

జాహిద్‌కి అప్పటికి పాతికేళ్లు. ఇంటర్ తప్పాక, వన్ టౌన్‌లో తిరుపతిరావు గారి పశువుల మందుల హోల్‌సేల్ షాపులో చేరాడు. పొద్దున షాపు తెరిచి అట్టపెట్టెలు సర్దడం, తర్వాత టీవీఎస్ ఫిఫ్టీ మీద మందులు కట్టుకుని పల్లెలకి పోవడం అతని పని. ఇబ్రహీంపట్నం దాటాక కొండల వెంబడి ఉన్న ఊళ్లన్నీ అతని లైను. ఆ లైనులో ఆఖరి ఊరు జోగులపాడు.

జోగులపాడుకి పడమట కొండ నిలువునా చీలి ఉంటుంది. కృష్ణ ఎంతో దూరం లేదు. కాలవలూ వరిచేలూ బస్సులో కాసేపటి ప్రయాణం. కాని ఆ చీలికలో చుక్క నీరు నిలవదు. వానాకాలంలో నాలుగు రోజులు వాగు పారి, ఇసక మిగిల్చిపోతుంది. మిగతా ఏడాదంతా ఎర్రటి రాతిగోడలు, తుమ్మకంప, బ్రహ్మజెముడు, ఎండ. ఒక పక్క గోడలో వెనకటి కాలంలో బౌద్ధ భిక్షువులు తొలుచుకున్న గదులున్నాయి. ఒక్కో గదిలో పడుకోవడానికి రాతి అరుగు, తలవైపు ఆ రాతిలోనే చెక్కిన దిండు. ఊళ్లోవాళ్లు ఆ భిక్షువుల్ని జోగులన్నారు. ఆ చోటుని జోగులలోయ అన్నారు.

పెళ్లికి ముందు ఏడాది, మార్చి నెల ఎండకి తాళలేక, జాహిద్ ఒక మధ్యాహ్నం ఆ గదుల్లో ఒకదాంట్లోకి దూరి రాతి దిండు మీద తలపెట్టుకుని పడుకున్నాడు. పడుకున్నవాడికి గుమ్మంలోంచి ఎదురుగోడ కనిపిస్తోంది. దాని మీద సున్నం కారినట్టు తెల్లటి చారలు. ఒక్కో చారకి పైన ఒక్కో అరుగులాంటి రాయి. చూస్తూండగానే ఆకాశంలోంచి ఒక పెద్ద పక్షి రెక్కలు కదపకుండా దిగొచ్చి, కాళ్లు కిందికి వేలాడేసి, ఆ రాయి మీద మెత్తగా వాలింది. రాయి మీద బూడిదరంగు పిల్ల ఉంది. తల్లి మెడ వంచింది. పిల్ల దాని నోట్లో ముక్కు పెట్టింది. అంత అసహ్యంగా ఉన్న పక్షి, ఈకలు లేని మెడతో, అంత ఓపిగ్గా బిడ్డకి తినిపించడం చూసి జాహిద్ లేచి కూర్చున్నాడు. ఆ రోజు ఇంకో రెండు ఊళ్లు తిరగాల్సింది, తిరగలేదు.

కిందికి దిగేసరికి లోయ మొదట్లో ఒకాయన చచ్చిన ఎద్దు తోలు ఒలుస్తున్నాడు. అతను మరియదాసు. ఊళ్లో పశువు చస్తే ఈడ్చుకొచ్చి ఇక్కడ వేయడం, తోలు తీసుకోవడం వాళ్ల తాతల నాటి నుంచి వాళ్లింటి పని.

"ఏం సాయిబుగారూ, జోగుల్లో కలిసిపోదామనే?" అన్నాడు కత్తి ఆపకుండా.

"పైన అవేం పక్షులు బాబాయ్?"

"రాబందులు. ఇప్పుడు నేను పక్కకి తప్పుకున్నాననుకో, పొద్దువాలేలోగా దీని ఎముకలు తప్ప మిగల్చవు. ఉండి చూస్తావా?"

ఉండి చూశాడు. మరియదాసు చేతులు ఇసకతో తోముకుని దూరంగా కూర్చోగానే ఆకాశంలో ఒక చుక్క కనిపించింది. తర్వాత రెండు, తర్వాత లెక్కపెట్టలేనన్ని. రెక్కల చప్పుడు చీరలు దులిపినట్టుగా ఉంది. దెబ్బలాడుకున్నాయి, బుస్సుమన్నాయి, తిన్నాయి. తినడం అయ్యాక రెక్కలు ఎండకి పరుచుకుని పెద్దమనుషుల్లా కూర్చున్నాయి. జాహిద్‌కి ఎందుకో నవ్వొచ్చింది. మరియదాసూ నవ్వాడు. అప్పటినుంచి ఆ లైను వెళ్లిన ప్రతిసారీ లోయలో ఒక గంట గడపకుండా తిరిగొచ్చేవాడు కాదు.

పెళ్లయిన రెండో ఏడు, శీతాకాలంలో ఒక ఆదివారం, అన్వరీ తనూ వస్తానంది. ఊరికే కాదు, ఈయన అక్కడ ఇంకేదైనా వ్యవహారం నడుపుతున్నాడేమోనని వాళ్ల చెల్లెలు చెవిలో వేసింది. టిఫిన్ క్యారియర్‌లో పులావు సర్దుకుని, నెలల పిల్ల మహెక్‌ని చంకనేసుకుని, బండి వెనక కూర్చుని వచ్చింది. ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు దాటాక దారి గతుకులు మొదలయ్యాయి. లోయలోకి నడిచేటప్పుడు తుమ్మముళ్లు బురఖాకి పట్టుకున్నాయి.

"ఇదా మీ ఊటీ?" అంది.

జాహిద్ బైనాక్యులర్స్ ఆమె కళ్ల దగ్గర పెట్టి, గోడ మీద ఒక చోటుకి తిప్పాడు. ఎదురుగా గూట్లో జంట ఉంది. మగది ఎక్కణ్ణుంచో ఒక పుల్ల తెచ్చి ఆడదాని ముందు పెట్టింది. ఆడది దాన్ని తీసి ఇంకోవైపు పెట్టింది. మగది మళ్లీ సర్దింది. ఆడది మళ్లీ తీసేసింది.

అన్వరీ పెదవి బిగబట్టుకుంది, కాని నవ్వు ఆగలేదు. "మీకన్నా నయం. మీరు ఇంట్లో పుల్ల తీసి పుల్ల పెట్టరు," అంది.

నమాజు వేళకి రాతి గదిలోనే ఇసక ఊడ్చి, వంతులవారీగా ఒకరు పిల్లని ఎత్తుకుంటే ఒకరు చదువుకున్నారు. బుద్ధుడి మనుషులు ఏమనుకుంటారో అని అన్వరీ అంటే, "వాళ్లూ దండం పెట్టుకున్న చోటే కదా," అన్నాడు జాహిద్. పులావు మరియదాసుకీ పెట్టారు. అతను వేళ్లు నాక్కుని, "మా అమ్మాయి వంట ఇలా ఉంటే ఎంత బాగుండు," అన్నాడు. అన్వరీ తర్వాత చాలాకాలం ఆ మాట అందరికీ చెప్పుకుంది. జాహిద్ జీవితంలో మంచి రోజులేవని ఎవరైనా అడిగి ఉంటే ఆ మూడు నాలుగేళ్లూ చూపించి ఉండేవాడు.

1995లో షాపుకి కొత్త ఇంజెక్షను వచ్చింది. డైక్లోఫెనాక్. నొప్పికి, వాపుకి, జ్వరానికి. అప్పటిదాకా గేదె పొదుగు వాచి పడుకుంటే లేవడానికి ఎన్నాళ్లు పట్టేదో, అసలు లేస్తుందో లేదో చెప్పలేకపోయేవాళ్లు. ఇది పొడిస్తే పొద్దున పడుకున్న గేదె సాయంత్రానికి లేచి కుడితి తాగేది. చవక కూడా. జాహిద్ మొదటి పెట్టె పట్టుకుని వెళ్లినప్పుడు రైతులు నమ్మలేదు. రెండోసారి వెళ్లేసరికి దారికాచి ఆపారు. జోగులపాడులో దానికి 'సాయిబు మందు' అని పేరు పడింది.

మరియదాసుకి ఉన్నది ఒక్క పాడిగేదె. ఈనిన వారానికి జ్వరం తగిలి కాళ్లు బారజాపుకుని పడిపోయింది. అతని భార్య గేదె తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. జాహిద్ తనే సూది పొడిచాడు. గంటలు గడిచాక గేదె ముందు కాళ్లు మడిచి, ఒక్క ఊపుతో లేచి నిలబడింది.

"దేవుడు నిన్ను పంపాడు అబ్బాయా," అని మరియదాసు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ తర్వాత సాయిబుగారు అనడం మానేశాడు, అబ్బాయా అనే పిలిచేవాడు.

జాహిద్‌కి ఆ రోజుల్లో ఛాతీ ఒక అంగుళం పెరిగినట్టుండేది. ఇంటికొచ్చి, ఫలానావాళ్ల గేదె లేచింది, ఫలానావాళ్ల ఎద్దు నడిచింది అని అన్వరీకి చెప్పకుండా అన్నం ముట్టేవాడు కాదు.

ఒకటి రెండేళ్లకి లోయలో మొదటి రాబందు చచ్చి కనిపించింది. గూటి కింద రాళ్ల మధ్య రెక్కలు పరుచుకుని పడి ఉంది. ముసలిదయి ఉంటుందనుకున్నాడు. తర్వాతి వారం ఇంకొకటి. బతికున్నవాటిలోనూ కొన్ని తేడాగా కూర్చునేవి. మెడ వాల్చేసి, ముక్కు గుండెకి ఆనించి, గంటలకొద్దీ అలాగే. ఉలిక్కిపడి తల ఎత్తేవి, మళ్లీ వాల్చేసేవి. జాహిద్ రాతి గది గుమ్మంలో కూర్చుని చూస్తూండగానే ఒకటి నిద్రలో జారినట్టు జారి గోడ వెంబడి కిందికి పడిపోయింది. ఆ చప్పుడు మరీ పెద్దదేం కాదు. గోనెసంచి పడినట్టు పడింది.

దాన్ని ఒక సంచిలో కట్టి, ఆ మండలంలో పశువుల డాక్టరుగా ఉన్న వెంకటకృష్ణారావు గారి దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు మంచివాడు. చచ్చిన రాబందు ఏమిటయ్యా అని విసుక్కోలేదు. ఆస్పత్రి వెనక సిమెంటు గట్టు మీద పెట్టి కోశాడు. లోపల గుండె మీద, కాలేయం మీద తెల్లగా, సుద్దపొడి పూసినట్టు ఉంది.

"కిడ్నీలు పోయాయి జాహిద్. పోతే ఇలాగే పేరుకుంటుంది. కాని ఎందుకు పోయాయో నాకు అర్థం కావడం లేదు. ఉత్తరాదిన కూడా రాబందులు ఇలాగే పోతున్నాయట. వైరసేమో అంటున్నారు."

"మందు లేదాండీ?"

"ఏ మందని ఇస్తాం? ఎలా ఇస్తాం?"

తర్వాతి శీతాకాలం సగం గూళ్లు ఖాళీగా ఉన్నాయి. ఆ పై ఏడు ఇంకా తగ్గాయి. లోయ మొదట్లో పశువుల కళేబరాలు తినేవాళ్లు లేక కుళ్లుతున్నాయి. వాసనకి ఊరు ముక్కు మూసుకుంది. ఎక్కడెక్కణ్ణుంచో కుక్కలు చేరాయి.

జాహిద్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లలో చచ్చిన పశువుల్ని ఎముకల కాంట్రాక్టర్లు లారీల్లో ఎత్తుకుపోతున్నారు. లోయకి వచ్చేది ఒక్క జోగులపాడు పశువులే. వాటినీ కుళ్లిపోయేదాకా కుక్కలే కాపుకాసి, పక్షుల్ని దగ్గరికి రానివ్వట్లేదు. మరి పక్షులు ఏం తింటాయి? తిండిలేక నీరసించి, జబ్బు తట్టుకోలేక చస్తున్నాయి. వైరస్‌ని తను ఏమీ చేయలేడు, కడుపు నింపగలడు.

"బాబాయ్, మిగతా ఊళ్లలో పశువు చస్తే ఇక్కడికే తెప్పిద్దాం. తోళ్లు నువ్వే తీసుకో," అన్నాడు మరియదాసుతో.

"ఎవడి గేదె ఎప్పుడు చస్తుందో మనకెలా తెలుస్తుంది అబ్బాయా?"

అది జాహిద్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఏ ఇంట్లో గేదె జబ్బుపడ్డా మందు తన దగ్గరే కొంటారు. నాలుగు సూదులు పొడిచినా లేవని గేదె ఇక లేవదని అతనికి తెలుసు. ఆ ఇంటివాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకునేవాడు. చచ్చిందని కబురందగానే మరియదాసు ట్రాక్టరు తొట్టి మాట్లాడి లోయకి చేర్చేవాడు. ఇద్దరూ కర్రలు పట్టుకుని కుక్కల్ని దూరంగా తరిమేవాళ్లు.

మొదటిసారి పక్షులు దిగినప్పుడు జాహిద్ కళ్లు తడిశాయి. మిగిలినవన్నీ వచ్చాయి. రెక్కల చప్పుడు మళ్లీ వినపడింది. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ స్వీట్ షాపులో ఆగి జిలేబీ కట్టించుకున్నాడు.

"ఏమిటి విశేషం?" అంది అన్వరీ.

"తిన్నాయి," అన్నాడు. "కడుపునిండా తిన్నాయి."

వారం తిరిగేసరికి వాటిలో చాలావాటి మెడలు వాలిపోయాయి.

ఆలస్యం చేశాననుకున్నాడు జాహిద్. ఇంకొంచెం ముందే మొదలుపెట్టి ఉండాల్సింది అనుకున్నాడు. అందుకని ఇంకా ఎక్కువ తెప్పించాడు. ఇంకా దూరపు ఊళ్ల నుంచి. షాపు పని అయ్యాక వెళ్లేవాడు, సెలవు పెట్టి వెళ్లేవాడు. పండగ పూట కూడా వెళ్లాడని అన్వరీ వారం రోజులు మాట్లాడలేదు. మహెక్ బడిలో నాన్న ఏం చేస్తాడని అడిగితే చచ్చిన గేదెల్ని మోస్తాడని చెప్పిందట. టీచరు ఇంటికి కబురు పంపింది. జాహిద్ ఎవరిమీదా కోప్పడలేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. అలా రెండు మూడేళ్లు గడిచాయి.

2001లో లోయ మొదట్లో కుక్క మరియదాసు పిక్క పట్టుకుంది. కర్రతో కొట్టినా వదల్లేదు. జాహిద్ అతన్ని బండి మీద ఎక్కించుకుని విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. పొట్ట చుట్టూ సూదులు పొడిపించుకుని బతికాడు గానీ కాలు మునుపటిలా రాలేదు. ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని చెప్పాడు:

"నాకిక చాలు అబ్బాయా. మా నాయన కాలంలో అక్కడ ఒక్క కుక్క ఉండేది కాదు. అవి పోయాయి, ఇవి వచ్చాయి. నువ్వూ మానుకో."

జాహిద్ మానుకోలేదు. ఒక్కడికి ట్రాక్టరు తొట్టి వ్యవహారం సాధ్యం కాక కళేబరాలు తెప్పించడం మాత్రం ఆగిపోయింది. ఆ తర్వాత ఉత్త చూడ్డమే. మరుసటి శీతాకాలానికి గోడ మీద ఒక్క జంట మిగిలింది. ఇంకో ఏడాదికి ఒకే ఒక్క పక్షి. అది మగదో ఆడదో జాహిద్‌కి తెలియదు, జంటగా ఉంటే చేసే పనిని బట్టి అనుకోవచ్చు గాని, ఆ జాతిలో ఒంటిగా ఉన్నదాన్ని చూసి చెప్పలేం. ఆ పక్షి పుల్లలు తెచ్చుకుని గూడు సర్దుకుంది. గుడ్డు పెట్టడానికి గాని పెట్టించుకోవడానికి గాని రెండోది లేదు. అయినా సర్దుకుంది.

2004 ఎండాకాలంలో డాక్టర్ వెంకటకృష్ణారావు గారు షాపుకొచ్చారు. అప్పటికి ఆయన వేరే జిల్లాకి బదిలీ అయి చాలాకాలమైంది. విజయవాడలో ఏదో పెళ్లికి వచ్చి, జాహిద్‌ని చూసి పోదామని వన్ టౌన్ సందుల్లో వెతుక్కుంటూ వచ్చారు. మధ్యాహ్నం వేళ, షాపులో గిరాకీ లేదు. జాహిద్ స్టూలు తుడిచి వేశాడు, సోడా తెప్పించాడు.

"నీకో మాట చెప్పాలి. నీ రాబందుల సంగతి తేలింది," అన్నారు డాక్టరుగారు.

"ఏం వైరస్ అండీ?"

"వైరస్ కాదయ్యా. పాకిస్తాన్‌లో పరిశోధన చేసి కనిపెట్టారు. పశువులకి పొడిచే నొప్పి మందు. అది పొడిచిన పశువు చచ్చి, దాన్ని రాబందు తింటే కిడ్నీలు పోతాయిట. రెండు మూడు రోజులు, అంతే. కుక్కకేం కాదు, కాకికేం కాదు, దీనికే." ఆయన సోడా అందుకున్నారు. "డైక్లోఫెనాక్."

జాహిద్ వెనక అరలో ఆ మందు పెట్టెలు నేల నుంచి కప్పుదాకా పేర్చి ఉన్నాయి. డాక్టరుగారు వాటిని చూశారో లేదో. సోడా తాగి, "నేనూ ఎన్ని వేల పశువులకి రాశానో," అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. కాసేపు కూర్చుని, పెళ్లి వేళవుతోందని వెళ్లిపోయారు. ఆయనకి కళేబరాలు తెప్పించిన సంగతి తెలియదు. జాహిద్ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. అన్వరీ మంచినీళ్లు తెచ్చింది. అంతా చెప్పాడు. మందు ఏమిటో, ఏ గేదెల్ని ఏరి ఏరి తెప్పించాడో, తిని వారం తిరక్కుండా అవి ఎందుకు చచ్చాయో. మాట ఎక్కడా తడబడలేదు. మందు ఎలా వాడాలో రైతుకి చెప్పినట్టే చెప్పాడు.

"తెలిసి చేశారా ఏమన్నా?" అంది ఆమె.

"లేదు."

"మరి..."

లోయలో పుల్లలు సర్దుకున్న జంట ఆమె కళ్లముందు మెదిలింది. ఆ మాట అంటే ఈయన తట్టుకోలేడని పైకి అనలేదు. గ్లాసు పక్కన పెట్టి, ఆయన చొక్కా గుండీలు తనే విప్పింది, పిల్లవాడికి విప్పినట్టు.

మర్నాడు తిరుపతిరావు గారితో చెప్పాడు. ఆయన కళ్లజోడు తీసి విన్నాడు. చెడ్డ మనిషి కాదు.

"నేను మానేస్తే ఎదురు షాపువాడు అమ్ముతాడు. వాడు మానేస్తే గుంటూరు నుంచి తెచ్చుకుంటారు. పైగా నిజంగానే బాగా పనిచేసే మందు జాహిద్. రైతు నోటిదగ్గర కూడు తీసేసి రాబందుకి పెడతామా?"

"నేనిక ఆ పెట్టె ముట్టుకోనండీ."

"నువ్వు తిరిగే లైను నడిచేదే దాని మీద కదయ్యా."

నెలాఖరుకి జాహిద్ ఆ షాపు వదిలేశాడు. తన బావమరిది నడిపే బ్యాగులు కుట్టే షాపులో చేరాడు. అందులో చేరేముందు ఒక పని చేయాలనుకున్నాడు. తన లైనులోని ఊళ్లన్నీ మళ్లీ తిరిగాడు, మందుల సంచి లేకుండా. ఆ ఇంజెక్షను వాడొద్దని ఇల్లిల్లూ చెప్పాడు. రైతులు మర్యాదగా విన్నారు, మజ్జిగ ఇచ్చారు.

"అలవాటు చేసింది నువ్వే కదయ్యా సాయిబూ. ఇప్పుడు వద్దంటే ఎట్టా? మా గేదె పడుకుంటే నీ రాబందు వచ్చి లేపుద్దా?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. వెటకారంగా కాదు, అతని మీద ఇష్టంతోనే నవ్వారు. జాహిద్ తలూపి ముందుకెళ్లాడు.

ఆ జనవరిలో ఆఖరి ప్రయత్నం చేశాడు. తెలిసిన కసాయి దగ్గర, ఏ మందూ పడని దున్న మాంసం అని నాలుగుసార్లు అడిగి రూఢి చేసుకుని, రెండు గోనెసంచుల్లో లోయకి తీసుకెళ్లాడు. గూటి ఎదురుగా ఇసకలో పరిచాడు. ఒంటరి రాబందు గోడ మీద ఉంది. చూసింది. మెడ చాచింది. జాహిద్ వెనక్కి నడిచి, రాతి గది గుమ్మంలో కర్ర పట్టుకుని కూర్చున్నాడు. కుక్కలు వచ్చాయి. తరిమాడు. మళ్లీ వచ్చాయి. రాళ్లు విసిరాడు, అరిచాడు. మాంసం మీద ఈగలు ముసిరాయి. పొద్దెక్కి గాలి వేడెక్కాక పక్షి రాయి మీంచి జారి, రెక్కలు చాచి, లోయలో గుండ్రంగా తిరుగుతూ పైకి లేచింది. ఒకసారి కిందికి వచ్చినట్టే వచ్చింది. దాని నీడ మాంసం మీదుగా పోయింది. అది దిగలేదు. పైకి, ఇంకా పైకి పోయి, కొండ అంచు దాటి ఊళ్లున్న వైపు వెళ్లింది.

చీకటి పడేదాకా అతను అక్కడే ఉన్నాడు. చేతులు నొప్పిపుట్టి కర్ర పట్టు తప్పాక కుక్కలు మాంసం తినేశాయి. మర్నాడూ వచ్చాడు, ఆ వారమంతా వచ్చాడు. గూడు ఖాళీగానే ఉంది. ఆ తర్వాత జోగులలోయలో రాబందుని చూశామన్నవాళ్లు లేరు.

2006లో పశువులకి ఆ మందు అమ్మకూడదని ప్రభుత్వం నిషేధించింది. బ్యాగుల షాపులో కుట్టుమిషన్ దగ్గర కూర్చుని జాహిద్ ఆ వార్త పేపర్లో చదివాడు. చదివి, పేపరు మడిచి పక్కవాడికి ఇచ్చాడు.

మరుసటి ఏడు పక్షుల మీద సర్వే చేసేవాళ్లు ముగ్గురు వచ్చారు. ఎవరో జాహిద్ పేరు చెప్పారట. లోయ చూపించమన్నారు. రానంటే బాగుండదని వెళ్లాడు. గోడ మీద రెట్టల తెల్లచారలు రెండు మూడు వానాకాలాలకి బాగా వెలిసిపోయాయి. వాళ్లు ఫోటోలు తీసుకున్నారు, గూళ్లు ఎక్కడెక్కడ ఉండేవో అడిగారు. జాహిద్ వేలెత్తి ఒక్కొక్కటీ చూపించాడు. కళేబరాలు తెప్పించిన సంగతి కూడా ఈసారి దాచలేదు.

వాళ్లలో ఒకమ్మాయి, మాధురి, కాస్త ఇబ్బందిపడి, "మీకు తెలియదు కదండీ అప్పుడు," అంది.

"తెలియదమ్మా," అన్నాడు జాహిద్. "తెలియకుండా పెట్టినా అవి తిన్నాయి కదా."

వాళ్లు జీపులో దింపుతామన్నారు. మరియదాసుని చూసి వస్తానని ఊళ్లో దిగిపోయాడు.

మరియదాసు బాగా ముసలివాడయ్యాడు. పాక ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. జాహిద్‌ని చూసి జరిగి చోటిచ్చాడు. పక్కన కట్టుగొయ్యకి గేదె. కొత్తది, చూడిది. కళ్లు కొంచెం వాలి ఉన్నాయి గాని నెమరేస్తోంది.

"నిన్న జ్వరంతో పడిపోయింది అబ్బాయా," అన్నాడు మరియదాసు. "ఇక పోయిందనే అనుకున్నాం. మా అల్లుడు ఇబ్రహీంపట్నం వెళ్లి సూది తెచ్చాడు. పశువుల షాపులో ఇవ్వట్లేదంట, మనుషుల మందుల షాపులో అడిగితే ఇచ్చారంట. రెండు మూడు పొడవాల్సొచ్చింది."

చూరులో దోపిన ఖాళీ సీసా తీసి అతని చేతిలో పెట్టాడు. జాహిద్ పేరు చదివాడు. మనుషులకి వాడేది. మందు అదే.

"లేచిందా?" అన్నాడు.

"పొద్దున లేచింది. కుడితి తాగింది."

జాహిద్ సీసా తిరిగి ఇచ్చేశాడు. లేచి వెళ్లి గేదె మెడ కింద చెయ్యిపెట్టి జ్వరం ఉందేమో చూశాడు. ఒళ్లు చల్లగా ఉంది.

"ఇవాళ ఎండలో కట్టకు బాబాయ్," అని చెప్పి, విజయవాడ బస్సు వేళ అవుతోందని రోడ్డు వైపు నడిచాడు.